బోర్డు మీద ‘నెలకు 30 వేలు’ చెరిపించాను

మన సెంటర్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ (అమెరికా డాక్టర్లు పేషెంట్ల గురించి చెప్పి రికార్డు చేసింది విని టైప్ చేసే పని) నేర్చుకుంటున్నవాళ్లకు, వచ్చే బ్యాచ్‌కి అడ్వాన్సు కట్టినవాళ్లకు, వాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లకు నమస్కారం.

అమీర్‌పేటలో మన మెట్ల దగ్గరి బోర్డు మీరందరూ చూసే ఉంటారు. ‘ఇంట్లోనే ఉండి నెలకు 30 వేలు’ అని ఉండేది. పోయిన సోమవారం పెయింటర్‌ని పిలిచి ఆ లైను చెరిపించాను.

మన దగ్గర కోర్సు పూర్తి చేసిన ఒకమ్మాయి పోయిన నెల తన మొదటి పేమెంట్ తెచ్చి చూపించింది. 2,340 రూపాయలు. చంటిబిడ్డ తల్లి. బిడ్డ నిద్రపోయాక కంప్యూటర్ ముందు కూర్చుని 26 రోజులు చేసిన పనికి వచ్చిన డబ్బు అది. కోర్సుకి కట్టింది 18,000. ‘మేడమ్, లెక్కలో ఏమైనా పొరపాటు జరిగిందా?’ అని అడిగింది. లెక్క సరిగ్గానే ఉంది. నేను బోర్డు మీద రాయించిన మాటే తప్పు.

ఈ పనిలో డబ్బు గంటలకి కాదు, లైన్లకి. స్పేసులతో కలిపి 65 అక్షరాలైతే ఒక లైను. డాక్టర్ డిక్టేషన్ విని మొదటి నుంచి టైప్ చేస్తే లైనుకి రూపాయి ఇస్తున్నాం. సాఫ్ట్‌వేర్ టైప్ చేసి పంపినదాన్ని వింటూ దిద్దితే 50 పైసలు. ఆ అమ్మాయికి వచ్చినవన్నీ దిద్దే ఫైళ్లే, రోజుకు 180 లైన్లు అయ్యాయి. చెయ్యి తిరిగినవాళ్లు గంటకి 200 లైన్లు దిద్దగలరు. రోజుకి ఐదు గంటలు కూర్చుంటే నెలకు 13,000 వస్తాయి. అదీ ఫైళ్లు ఆగకుండా వస్తేనే. క్రిస్మస్‌కి అమెరికా క్లినిక్‌లు మూస్తే మనకీ పని ఉండదు. అక్కడ డాక్టర్ సాయంత్రం ఐదింటికి డిక్టేట్ చేసేసరికి మనకి తెల్లవారుజాము. అర్జెంటు ఫైళ్లు తీసుకుంటే నిద్ర చెడుతుంది.

నేను 2003లో ఆడియోని కాలితో ఆపుతూ నడిపే ఫుట్ పెడల్ మీద కాలు పెట్టి ఈ పని మొదలుపెట్టినప్పుడు అంతా టైపింగే. తర్వాత 2009లో అమెరికా ప్రభుత్వం ఎలక్ట్రానిక్ రికార్డులకు మారే ఆస్పత్రులకు, డాక్టర్లకు డబ్బిచ్చే చట్టం తెచ్చింది. దాంతో చాలామంది డాక్టర్లు తమ నోట్సు తామే స్క్రీన్ మీద నింపుకోవడం మొదలుపెట్టారు. మాట విని రాసే సాఫ్ట్‌వేర్లు తయారుచేసే న్యూయాన్స్‌ని 2022లో మైక్రోసాఫ్ట్ కొనుక్కుంది. ఇప్పుడైతే డాక్టరూ పేషెంటూ మాట్లాడుకుంటుంటేనే నోట్ తయారైపోతోంది. ఇన్ని మారినా నేను పాత రోజుల సంపాదననే బోర్డు మీద ఉంచాను. నాకు తెలిసినవాళ్లలో ఇప్పటికీ 30 వేలు తెచ్చుకునేది ఇద్దరే. ఇద్దరికీ పన్నెండేళ్లు దాటిన అనుభవం ఉంది, ఇద్దరూ చేసేది క్యూఏ, అంటే మిగతావాళ్లు చేసిన ఫైళ్లను చివర్లో సరిచూసే పని.

దిద్దే పని తేలికని సగం రేటు పెట్టారనుకోకండి. ఇలియం అని వినపడితే అది చిన్నపేగు చివరి భాగం కావచ్చు, తుంటి ఎముక కావచ్చు. పలకడం ఒకటే, ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా. డాక్టర్ ఫిఫ్టీన్ అన్నాడో ఫిఫ్టీ అన్నాడో తేలక ఒకే ముక్కని ఆరేడుసార్లు వింటాం. అప్పటికీ తేలకపోతే ఖాళీ వదిలి పైకి పంపాలి తప్ప ఊహించి రాయకూడదు, అది ఒక మనిషి వేసుకునే మందు. అంత జాగ్రత్తకి 50 పైసలు చాలా తక్కువ. మాకు పనిచ్చే కంపెనీని రేటు పెంచమని అడుగుతూనే ఉన్నాను, ఇంకా ఒప్పుకోలేదు.

అందుకని వచ్చే బ్యాచ్ నుంచి ఫీజు 9,000 చేశాను. మొదటి రెండు వారాలు డబ్బు కట్టకుండానే కూర్చోండి, నిజమైన ఉచ్చారణలతో ఉన్న ఆడియో విని చూడండి, కుదురుతుందనిపిస్తేనే చేరండి. ఇంటి ఖర్చంతా దీని మీదే నడవాలనుకునేవాళ్లు ఇప్పుడు చేరొద్దు. ఇప్పటికే 18,000 కట్టి చదువుతున్నవాళ్లకి సగం తిరిగి ఇస్తాను.

ఇంకొక మాట. మన పిల్లలకి ఫోన్లు వస్తున్నాయట, డిపాజిట్ కడితే ఇంటికే ట్రాన్స్‌క్రిప్షన్ ప్రాజెక్టు పంపుతామని. పని ఇచ్చేవాళ్లు మీకు డబ్బివ్వాలి, మీ దగ్గర తీసుకోకూడదు. ఇలాంటి చోట్ల పని చేశాక తప్పులున్నాయని పేమెంట్ ఆపేసి, అగ్రిమెంట్ ప్రకారం మీరే కట్టాలని లాయర్ నోటీసుతో భయపెడతారు. ఎవరికైనా అలా నోటీసు వచ్చుంటే టెన్షన్ పడి డబ్బు పంపకండి, ముందు నాకు చూపించండి.

ఫీజు వెనక్కి తీసుకునేవాళ్లు, అడ్వాన్సు వద్దనుకునేవాళ్లు ఈ నెల 25 లోపు రసీదు తీసుకుని రండి. రసీదు పోయినా రండి, రిజిస్టర్‌లో మీ పేరు ఉంది.