హాస్టళ్ల ఊళ్లలో మెనింజైటిస్‌పై నిఘా పెంచాలి

సంపాదకులకు,

విజయవాడ, గుంటూరు ఇంటర్ హాస్టళ్లలో పిల్లలు మంచం పక్కన మంచం వేసుకుని పడుకుంటారు. మెదడు పొరలకు వాపు తెచ్చే జబ్బు మెనింజైటిస్‌. దాన్ని కలిగించే మెనింగోకాకస్ బ్యాక్టీరియా దగ్గు, తుమ్ము, లాలాజలం ద్వారా పాకేది ఇలాంటి ఇరుకులోనే. చికిత్స అందినా నూటికి పది, పదిహేను మంది దాకా చనిపోయే జబ్బు ఇది. 2005లో ఢిల్లీలో ప్రబలింది.

దేశంలో సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం 2004 నుంచీ ఉంది. కానీ ప్రైవేటు ఆసుపత్రి కేసు వివరం వెంటనే పంపకపోతే, వేర్వేరు చోట్ల చేరిన ఇద్దరు పిల్లలు ఒకే హాస్టల్ వాళ్లని ఎవరికి తెలుస్తుంది? వాళ్ల గదిలోని మిగతా పిల్లలకు ముందుజాగ్రత్త యాంటీబయాటిక్ ఎవరిస్తారు? నాకు టెన్షన్ అంతా ఇక్కడే. ల్యాబ్‌లో సెరోగ్రూపు (ఆ బ్యాక్టీరియాలో ఏ రకమో) కూడా తేలాలి, ఏ టీకా పనికొస్తుందో దాన్ని బట్టే తెలుస్తుంది. జిల్లా వైద్యారోగ్య అధికారులు ప్రైవేటు ఆసుపత్రుల చేత ఈ రిపోర్టింగ్ కచ్చితంగా చేయించాలి.

- ఒక విద్యార్థి తల్లి, గుంటూరు