ఫిబ్రవరి 1న ప్రకటన, మార్చి 29న చట్టం

సంపాదకులకు,

నమస్కారం. మరో కేంద్ర బడ్జెట్ దగ్గర పడుతున్న వేళ, 2025లో ఆదాయపు పన్ను తగ్గింపు సమయంలో మా దగ్గర నెలకొన్న ఒక గందరగోళాన్ని మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. 2025 ఫిబ్రవరి 1న ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ కొత్త పన్ను విధానంలో 12 లక్షల రూపాయల ఆదాయం వరకు పన్ను కట్టనక్కరలేదని లోక్‌సభలో ప్రకటించారు. ఉద్యోగులకు 75 వేల రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుంటే అది 12.75 లక్షలు. ఆ సాయంత్రం హనుమకొండలో మా ఉపాధ్యాయ మిత్రుల ఫోన్లన్నీ అభినందనలతో మోగిపోయాయి. నెల తిరిగేసరికి ఫిబ్రవరి జీతం బిల్లులో ఏడాది పన్నులో మిగిలిందంతా ఒకేసారి పట్టుకున్నారు. "సారూ, మొన్ననే పన్ను లేదన్నరు గద, మళ్ల ముప్పై ఒక్క వేలు ఎట్ల పట్టిండ్రు?" అంటూ నా పూర్వ విద్యార్థి, ఇప్పుడు తానే బడిపంతులు, జీతం స్లిప్పు పట్టుకొని మా ఇంటికే వచ్చాడు.

అతని పొరపాటు ఏమీ లేదు. బడ్జెట్ మరునాటి పత్రికలన్నీ, మీ పత్రికతో సహా, 'పన్ను రద్దయింది' అన్నట్టే శీర్షికలు పెట్టాయి. రద్దు కాలేదు. బడ్జెట్ ప్రసంగంలో ఉన్నది ప్రతిపాదన మాత్రమే. అది ఆ రోజే సభలో ప్రవేశపెట్టిన ఆర్థిక బిల్లులో ఉంటుంది, ఆ బిల్లు చట్టమైతేనే తగ్గింపు నిజమవుతుంది. చట్టం అనుమతి లేనిదే ఏ పన్నూ వేయరాదని రాజ్యాంగం 265వ అధికరణ చెబుతుంది. వేసిన పన్నును తగ్గించాలన్నా చట్టాన్నే సవరించాలి. పైగా ఆ తగ్గింపు వర్తించేది 2025 ఏప్రిల్ 1 నుంచి ఆర్జించే ఆదాయానికి. ఫిబ్రవరి జీతం అంతకుముందు ఏడాది లెక్కలోది కాబట్టి దానికి పాత శ్లాబులే వర్తించాయి. కస్టమ్స్, ఎక్సైజ్ సుంకాల పెంపుదల మాత్రం బిల్లు పెట్టిన అర్ధరాత్రి నుంచే గరిష్ఠంగా 75 రోజుల పాటు తాత్కాలికంగా అమలు చేసే వీలుంది. ఆదాయపు పన్నుకు అటువంటి వెసులుబాటు లేదు.

ఆ బిల్లు ప్రయాణాన్ని మన పత్రికలు దాదాపు పట్టించుకోలేదు. మార్చి 25న లోక్‌సభ దానిని ప్రభుత్వమే తెచ్చిన 35 సవరణలతో ఆమోదించింది. ఆన్‌లైన్ ప్రకటనలపై ఉన్న 6 శాతం సుంకం రద్దు కూడా ఆ సవరణల్లోనే ఉంది. మార్చి 27న రాజ్యసభ బిల్లును తిప్పి పంపింది, 29న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. ఫిబ్రవరి 2న నాలుగు పేజీలు కేటాయించిన విషయానికి మార్చి 30న లోపలి పేజీలో నాలుగు వరసలు దక్కడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

రాజ్యసభ 'తిప్పి పంపింది' అంటే తిరస్కరించిందని మా వీధిలో చాలామంది అనుకున్నారు. ఈ ఆర్థిక బిల్లు ద్రవ్య బిల్లుల (పన్నులు, ప్రభుత్వ వ్యయానికి సంబంధించినవి) కోవలోది. ద్రవ్య బిల్లును మార్చే అధికారం పెద్దల సభకు, అంటే రాజ్యసభకు, లేదు. పద్నాలుగు రోజుల్లోగా సిఫార్సులు చేయవచ్చు, వాటిని లోక్‌సభ పక్కన పెట్టేయవచ్చు. రాష్ట్రపతి కూడా అలాంటి బిల్లును పునఃపరిశీలనకు వెనక్కి పంపలేరు. ఇది రాష్ట్రాలకు సంబంధం లేని వ్యవహారమైతే ఫరవాలేదు. కానీ ఆదాయపు పన్నులో రాష్ట్రాలకు వాటా ఉంది. ఈ తగ్గింపు వల్ల వదులుకునే ప్రత్యక్ష పన్నుల రాబడి లక్ష కోట్ల రూపాయలని ఆర్థికమంత్రే చెప్పారు. పంచదగిన పన్నుల్లో రాష్ట్రాల వాటా 41 శాతం, అందులో తెలంగాణకు పదిహేనో ఆర్థిక సంఘం ఇచ్చింది 2.102 శాతం. కాగితం మీద గుణిస్తే మన ఖజానాకు రావాల్సిన దాంట్లో సుమారు 860 కోట్ల రూపాయల మేర తగ్గుతుంది. తగ్గింపు మంచిదా కాదా అన్నది వేరే చర్చ. నేనైతే మంచిదనే అంటాను. రాష్ట్రాల సభగా పేరున్న చోట ఈ లెక్క మీద అక్షరం మార్చే వీలు లేకపోవడమే నన్ను ఆలోచనలో పడేసింది.

ఇంకొక సంగతి. 12 లక్షలు మినహాయింపు పరిమితి కాదు, పరిమితి 4 లక్షలే. 4 నుంచి 8 లక్షల వరకు 5 శాతం చొప్పున 20 వేలు, 8 నుంచి 12 లక్షల వరకు 10 శాతం చొప్పున 40 వేలు, మొత్తం 60 వేల పన్ను పడుతుంది. దానిని రిబేటుగా వదిలేస్తారు. ప్లాటు అమ్మగా వచ్చిన దీర్ఘకాలిక లాభం, షేర్ల మీద లాభం వంటి ప్రత్యేక రేట్ల ఆదాయానికి ఈ రిబేటు లేదు. వరంగల్ చుట్టూ వెంచర్లలో రెండేసి ప్లాట్లు కొనిపెట్టుకున్న ఉద్యోగులకు ఇది చిన్న విషయం కాదు. ఇటువంటి మెలికలు ప్రసంగంలో ఒక్క వాక్యంలో పోతాయి, బిల్లు చదివితేనే కనబడతాయి.

చదవడానికి వ్యవధి లేదా అంటే, ఫిబ్రవరి నుంచి మార్చి చివరి వరకు రెండు నెలలుంది. అయినా శాఖల పద్దుల్లో అనేకం చర్చ లేకుండానే గిలెటిన్ కింద, అంటే గడువు ముగియగానే మిగిలినవన్నీ ఒకేసారి ఓటుకు పెట్టే పద్ధతిలో, ఆమోదం పొందుతున్నాయి. 2018లోనూ 2023లోనూ గందరగోళం మధ్య బడ్జెట్ మొత్తం అలాగే గట్టెక్కింది. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్నును 22 శాతానికి దించినప్పుడు సభలు జరగడమే లేదు. ఆర్డినెన్సుతో 1.45 లక్షల కోట్లు వదులుకున్న తరవాత, డిసెంబరులో పార్లమెంటు దానికి ముద్ర వేసింది. కొత్త ఆదాయపు పన్ను చట్టం బిల్లును 31 మంది సభ్యుల సెలెక్ట్ కమిటీ నెలల తరబడి పరిశీలించిందన్నది నిజమే. అయితే సవరించిన బిల్లు 2025 ఆగస్టు 11న లోక్‌సభలో ప్రవేశించి, విపక్షాల నినాదాల నడుమ అదే రోజు కొద్ది నిమిషాల్లో మూజువాణి ఓటుతో బయటపడింది.

పన్ను పెంచే సవరణకు రాష్ట్రపతి సిఫార్సు కావాలి గాని, తగ్గించే సవరణను ఏ సభ్యుడైనా ఆ సిఫార్సు లేకుండానే ప్రతిపాదించవచ్చని 117వ అధికరణ చెబుతోంది. పాత విధానంలో వృద్ధులకున్న ప్రత్యేక మినహాయింపు పరిమితి కొత్త విధానంలో లేదు. దాన్ని కోరుతూ మన ఎంపీలు ఒక సవరణకు నోటీసు ఇవ్వడానికి అడ్డేమీ లేదు. కనుక మీకు నా విన్నపం ఒక్కటే. ఈసారి ఆర్థిక బిల్లు లోక్‌సభలో చర్చకు వచ్చిన మరునాడు వరంగల్, మహబూబాబాద్, కరీంనగర్, పెద్దపల్లి, ఆదిలాబాద్, నిజామాబాద్ సభ్యుల్లో ఎవరు మాట్లాడారో, ఎవరు ఏ సవరణ ఇచ్చారో జిల్లా పేజీలో ఒక చిన్న పట్టికగా వేయండి.

ఇట్లు,
విశ్రాంత పౌరశాస్త్ర అధ్యాపకుడు,
హనుమకొండ