సోలార్ ధరలు, పగిలిన ప్యానెళ్లు, మేం ఢిల్లీకి పంపుతున్న వినతిపత్రం

మా దగ్గర సోలార్ పెట్టించుకున్నవారికి, కొటేషన్ తీసుకుని ఆలోచిస్తున్నవారికి నమస్కారం.

ముందుగా ధర సంగతి. దుకాణాలకు, మిల్లులకు ప్యానెల్ ఖర్చు పెరుగుతోంది గానీ, ఇళ్లవారు కంగారు పడనక్కర్లేదు. పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ నేరుగా మీ ఖాతాలోనే పడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యానెళ్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తగ్గింపును బిల్లులో విడిగా చూపిస్తున్నాం.

ఇబ్బందంతా దుకాణాలకు, కారం మిల్లులకు, కోల్డ్ స్టోరేజీలకు. వీటికి రాయితీ లేదు కాబట్టి ఇన్నాళ్లూ విదేశీ సెల్స్‌తో (ఎండను కరెంటుగా మార్చే పలుచని బిళ్లలతో) ఇక్కడ కూర్చిన చవక ప్యానెళ్లు బిగిస్తూ వచ్చాం. 2026 జూన్ 1 నుంచి నెట్ మీటరింగ్ కనెక్షన్లకు (మిగిలిన కరెంటును గ్రిడ్‌కు పంపి బిల్లులో తగ్గించుకునేవాటికి) కూడా ప్రభుత్వ ఆమోదిత జాబితాలోని సెల్సే వాడాలని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. దేశంలో తయారైన ఆ సెల్స్ ఖరీదెక్కువ. కరెంటు బిల్లు భారం తగ్గుతుందని వచ్చిన మిల్లు యజమానికి ఈ మాట చెప్పడం నాకు కష్టంగానే ఉంది.

ఈ విషయమై తోటి వ్యాపారులు మంత్రిత్వ శాఖకు వినతిపత్రం రాశారు. నిబంధనను వాయిదా వేయాలన్నది అందులో మొదటి కోరిక. దానికి నేను ఒప్పుకోలేదు. ప్యానెల్ తయారీలో ప్రతి దశలోనూ ప్రపంచ సామర్థ్యంలో 80 శాతానికి పైగా చైనాదేనని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2022లోనే చెప్పింది. అంతకుముందు ఏడాది అక్కడ సెల్స్‌కు ముడిసరుకైన పాలీసిలికాన్ ధర పెరిగితే, ఇక్కడ మేమిచ్చిన కొటేషన్లు చెల్లకుండా పోయాయి. పాతికేళ్లు నడవాల్సిన వస్తువు కోసం ఒక్క దేశం మీద ఆధారపడటం మంచిది కాదు. అయితే పెద్ద కంపెనీలు సరుకంతా ముందే బుక్ చేసుకుంటే చిన్న ఆర్డర్లు వరుసలో చివరికి పోతాయి. చిన్న కనెక్షన్లకు సరఫరాలో కొంత వాటా కేటాయించాలన్న కోరికకు మాత్రం సంతకం పెట్టాను.

ఇంకొక కోరిక నేనే పట్టుబట్టి చేర్పించాను. గాలివానకు పగిలిన ప్యానెళ్లు మా గోడౌనులో గోడకు ఆనించి ఉన్నాయి. అద్దమంతా సాలెగూడులా బీటలు వారినా ముక్క ఊడదు, వెనుక షీటుకు అతుక్కునే ఉంటుంది. పాత సామాన్లు కొనేవారు అల్యూమినియం ఫ్రేము విప్పుకుని, రాగి తీగ కోసుకుని, మిగతాది వద్దంటారు. ఆ మిగిలినదానిలోనే సెల్స్‌ను కలిపే టంకం ఉంటుంది, అందులో సీసం ఉంటుంది. చెరువు గట్టున పారేస్తే అది ఎక్కడికి చేరుతుందో చెప్పనక్కర్లేదు.

2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం 2034-35 దాకా పోగయ్యే ఇలాంటి ప్యానెళ్లను తయారీదారులే భద్రపరచాలి. మా గోడౌనుకు మాత్రం ఇంతవరకూ ఎవరూ రాలేదు. జిల్లాకొక సేకరణ కేంద్రం పెట్టాలని, లారీ కిరాయి తయారీదారే భరించాలని అడిగాం. దీనివల్ల ప్యానెల్ ధర మరికాస్త పెరగవచ్చు. పెరిగినా సరే, అడగాల్సిందే. గాలి బాగుపడుతుందని చెప్పి మీ మేడ మెట్లెక్కినవాళ్లం, నేల పాడైతే మాకు పట్టదని అనలేం.

మేం బిగించిన ప్యానెల్ పగిలితే ఫ్రేము విప్పించకుండా మాకు ఫోను చేయండి. మా మనిషి వచ్చి ఉచితంగా దించి తెస్తాడు. వినతిపత్రం నకలు దుకాణంలో ఉంది. చదివి, నచ్చితే మీరూ సంతకం చేయండి. వాయిదా కోరిక విషయంలో నాతో ఏకీభవించని మిల్లు యజమానులు కూడా రండి, కూర్చుని మాట్లాడుకుందాం.