మంచులో సైకిల్ తీసేవాళ్లకు

అందరికీ నమస్తే. మంచు పడుతోందని సైకిల్‌ని మూలన పెట్టేయక్కర్లేదు. కొత్తగా పడిన మెత్తటి మంచుతో పెద్ద భయం లేదు. టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే పట్టు పెరుగుతుంది, కాకపోతే టైరు పక్కన రాసి ఉన్న కనీస ప్రెజర్ కంటే దిగొద్దు.

అసలు గండం గడ్డకట్టిన నున్నటి పొరతోనే. చూడ్డానికి తడిసిన రోడ్డులాగే ఉంటుంది, ఎక్కాక గానీ తెలీదు. వంతెనలకు కిందా పైనా చలిగాలే కాబట్టి అక్కడ ముందుగా గడ్డకడుతుంది. ఇంకో సంగతి, మైనస్ 15 కన్నా సున్నా డిగ్రీల దగ్గరే జారుడు ఎక్కువ, పైన పల్చగా నీళ్లుంటాయి కదా. అలాంటి చోట హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు పట్టకుండా తిన్నగా దాటేయండి. ముందు బ్రేకు జోలికి అసలే పోవద్దు. ముందు చక్రం జారితే నిలదొక్కుకునే టైమే ఉండదు (నా మోచేయే సాక్షి!).

రోజూ తొక్కేవాళ్లయితే స్టడెడ్ టైర్లు కొనుక్కోండి. వాటి చిన్న చిన్న మేకులు ఐసులోకి దిగబడతాయి. ఒక్కటే కొనగలిగితే ముందు చక్రానికి వేయించండి. సీటు కొంచెం దించుకుంటే కాలు త్వరగా నేలకి ఆనుతుంది.

మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దాంతో చైన్ తుప్పు పడుతుంది కాబట్టి ఇంటికి రాగానే చైన్ తుడిచి నూనె వేయండి.