ఓపీ చీటీలో ఒక్క గడి

సంపాదకులకు నమస్కారం.

మా నాన్నగారు హైదరాబాద్ శివారులోని ఒక సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో 1981లో చేరి, 2012లో పదవీ విరమణ చేశారు. మొదటి పదేళ్లు ఆస్బెస్టాస్ (రాతినార) బస్తాలు కోసి, ఆ నారను యంత్రంలో గుమ్మరించడమే ఆయన పని. ఇంటికి వచ్చేసరికి కనుబొమలు తెల్లగా ఉండేవి. ఆ చొక్కాలను అమ్మ వాకిట్లో దులిపి ఉతికేది.

ఐదేళ్ల కిందట ఆయనకు ఆయాసం మొదలైంది. ఒక ఆసుపత్రిలో ఆస్తమా అన్నారు. ఇంకోచోట, కళ్లెలో క్రిమి కనబడకపోయినా ఆరు నెలలు టీబీ మందులు మింగించారు. ‘ఏం పని చేసేవారు?’ అని ఒక్కరూ అడగలేదు. చివరికి ఒక వైద్యురాలు ఆయన చేతివేళ్లు పట్టుకుని చూశారు. గోళ్లు బోర్లించిన చెంచాల్లా ఉబ్బి ఉన్నాయి. వీపు కింది భాగాన స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు. అప్పుడు అడిగారు, ఆ ప్రశ్న. సీటీ స్కాన్‌లో ఆస్బెస్టోసిస్ అని తేలింది.

ధూళి పీల్చిన ఇరవై ముప్ఫై ఏళ్లకు గానీ ఈ జబ్బు పైకి కనబడదు. సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో దిగబడి, ఆ మెత్తని కణజాలాన్ని మచ్చకట్టించి గట్టిపరుస్తాయి. తొలిదశలో మామూలు ఎక్స్‌రే బాగానే ఉన్నట్టు చూపించవచ్చు. గొట్టంలోకి ఊదించి చేసే శ్వాస పరీక్ష, నాణ్యమైన సీటీ స్కాన్ అంతకన్నా ముందే పట్టించవచ్చు. గట్టిపడిన భాగం మళ్లీ మామూలు కాదు, నిజమే. కానీ ముందే తెలిస్తే మనిషిని ఆ ధూళికి దూరం చేయవచ్చు, బీడీ మాన్పించవచ్చు. పొగతాగే అలవాటుకు ఆస్బెస్టాస్ తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995 జనవరి 27న ఆదేశించింది. ఆ లెక్కన మా నాన్నగారి రికార్డు 2027 దాకా ఉండి తీరాలి. ఫ్యాక్టరీకి వెళ్లి అడిగితే ‘వెతికి చెబుతాం’ అన్నారు. ఏడు నెలలు గడిచాయి. ఆయన పేరు రిజిస్టరులోనైనా ఉంది. కాంట్రాక్టు కూలీల సంగతి, ఇళ్లపై పాత రేకులు పగలగొట్టి దించేవాళ్ల సంగతి ఏమిటి? వాళ్లకు అడగడానికి గేటు కూడా లేదు.

ప్రభుత్వ ఆసుపత్రుల ఓపీ చీటీలో ‘చేసిన పనులు’ అని ఒక్క గడి చేర్చమని ఆరోగ్యశాఖను వేడుకుంటున్నాను. రేకుల ఫ్యాక్టరీలున్న ప్రాంతాల్లో పదవీ విరమణ చేసినవారికి, వారి చొక్కాలు ఉతికిన ఇల్లాళ్లకు కూడా ఏటా శ్వాస పరీక్ష ఉచితంగా చేయాలి. ఈ ఖర్చులో ఫ్యాక్టరీలకూ వాటా వేయాలి.

నాన్నగారితో బస్తాలు కోసినవారు మా వీధిలో ఇంకా పదకొండు మంది ఉన్నారు. వారిలో ఒకాయన ఇప్పుడు టీబీ మందులు వాడుతున్నారు.

– ఒక కార్మికుడి కుమార్తె, హైదరాబాద్