ఆ ఆరెంజ్ కమారో కొనేముందు

చిన్నా,

నువ్వు కొంటానంటున్న ఆ పాత షెవర్లే కమారో కారు ఫోటోలన్నీ చూశాను. మీ నాన్న కూడా చూశారు. ఆ డబ్బుతో ఇంటికి డౌన్ పేమెంట్ కట్టుకోవచ్చు కదా అని ఆయన ఫోన్లో అననే అన్నారు. నేను ఆ మాట అనను. నీ సంపాదన, నీ సరదా. ఇన్నేళ్లుగా డెట్రాయిట్ చుట్టుపక్కల బ్రేకుల టెస్టింగ్‌లో పనిచేస్తూ, ఆగస్టు మూడో శనివారం వచ్చిందంటే వుడ్‌వర్డ్ రోడ్డు పక్కన మడత కుర్చీ వేసుకుని పాత కార్ల ఊరేగింపు చూసేదాన్ని, నీకీ పిచ్చి ఎక్కడ పట్టుకుందని అడిగితే నువ్వే నవ్వుతావు. కాకపోతే ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగానికి "సరే అమ్మా" అంటావు. అందుకే రాస్తున్నాను. దీన్ని దగ్గర పెట్టుకుని బండి చుట్టూ తిరుగు.

"1969 కమారో ఎస్ఎస్, పూర్తిగా రీస్టోర్ చేసింది, ఎల్ఎస్3 ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్, నాలుగు చక్రాలకూ డిస్కులు." ప్రకటనలో ఉన్నది ఇదీ. ముందు ఆ ఎస్ఎస్, అంటే సూపర్ స్పోర్ట్ సంగతి తేల్చుకుందాం. డ్యాష్‌బోర్డు మీద అద్దంలోంచి కనిపించే బండి నంబరుకు అమ్మేవాడు ఫోటో బాగానే తీశాడు. 124379ఎన్ అని మొదలవుతోంది. మొదటి 1 షెవర్లే, 24 అంటే వి8 ఇంజిన్‌తో వచ్చిన కమారో, 37 అంటే రెండు తలుపుల హార్డ్‌టాప్, 9 అంటే 1969, ఎన్ అంటే సిన్సినాటి పక్కనే ఉండే నార్‌వుడ్ ఫ్యాక్టరీ. ఆ తర్వాతది వరుస సంఖ్య, అంతే. ఎస్ఎస్ అన్నది ఆ నంబరులో ఎక్కడా కనపడదు. అది వేరే మోడల్ కాదు, జెడ్27 అనే ఆప్షన్ ప్యాకేజీ. ఆ మోడల్ సంవత్సరంలో కమారోలు దాదాపు 2,43,000 తయారైతే వాటిలో ఎస్ఎస్‌లు 35,000 లోపే. బ్యాడ్జీలు మాత్రం ఈరోజుకీ కొత్తవి దొరుకుతాయి, డబ్బులిచ్చి ఎవరైనా తగిలించుకోవచ్చు.

అసలు ఇంజిన్ ఉండి ఉంటే బ్లాకు మీద కొట్టిన కోడ్ చూసి కొంత ఆరా తీసేవాళ్లం. ఇందులో ఉన్నది తర్వాతి కాలపు ఎల్ఎస్3 కాబట్టి ఇప్పుడా దారీ లేదు. అప్పటి డీలర్ ఇన్వాయిస్ లాంటి కాగితం ఏదైనా చూపిస్తే సరే, లేదంటే మామూలు వి8 కమారో అనుకునే బేరం మొదలుపెట్టు. అందులో నామోషీ ఏమీ లేదు. నన్నడిగితే నిజమైన ఎస్ఎస్‌ని ఇలా కోసి మార్చి ఉంటేనే బాధపడాలి. పాత బాడీలో కొత్త ఇంజిన్, బ్రేకులు పెట్టిన ఇలాంటి రెస్టోమాడ్‌కి డబ్బులిచ్చేది పనితనానికి, పేరుకు కాదు. పేరుకూ పనితనానికీ కలిపి అడుగుతున్నాడు చూడు, అక్కడ నోరు విప్పు.

ఇంకో ఫోటో నువ్వు సరిగ్గా చూసి ఉండవు. బానెట్ తెరిచినప్పుడు వెనక గోడ మీద చిన్న రేకు ఒకటి కనపడుతోంది. దాన్ని పెద్దది చేసి చూస్తే పెయింట్ దగ్గర 71 అని ఉంది. 71 అంటే లెమాన్స్ బ్లూ. ఇప్పుడు వేసిన హగ్గర్ ఆరెంజ్ నంబరు 72. అంటే ఈ బండి నీలం రంగులో పుట్టింది. రంగు మార్చడం తప్పు కాదు కానీ, సరిగ్గా మార్చాలంటే అద్దాలు, తలుపులు, సీట్లు, డ్యాష్‌బోర్డు అన్నీ ఊడదీయాలి. అంత ఓపిక లేనివాళ్లు కళ్లకు కనపడేంత మేరకే వేసి ఊరుకుంటారు. గ్లవ్ బాక్సు తెరిచి వెనక్కి టార్చి వెయ్యి. డిక్కీ మూత లోపలి మడతలు, తలుపు కీళ్ల సందులు చూడు. ఎక్కడైనా నీలం తొంగి చూసిందంటే "పూర్తిగా రీస్టోర్ చేసింది" అన్న మాట సగానికి కోసెయ్. పైన పటారం లోన లొటారం అయితే మిగతా పని కూడా అలాగే చేసి ఉంటారు.

తుప్పు గురించి నీకు వేరే చెప్పక్కర్లేదనుకుంటా. ఒహాయోలో చలికాలం వస్తే రోడ్లన్నీ ఉప్పే. మీ తాతయ్య బెజవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షెడ్డు నడిపినన్నాళ్లూ ఎవరికైనా సెకండ్ హ్యాండ్ బండి చూసిపెట్టడానికి వెళ్తే జేబులో చిన్న అయస్కాంతం వేసుకుని వెళ్లేవారు. రేకు ఉన్నచోట అంటుకుంటుంది, లప్పం దట్టంగా పెట్టినచోట జారిపోతుంది. పెయింట్ గీసుకుపోకుండా దానికి పలచటి గుడ్డ చుట్టు. వెనక చక్రాల పైన, వెనక భాగం, ముందు ఫెండర్ల కింది అంచులు, వెనక అద్దం కింది మూలలు, ఈ కార్లలో తినేసేది ఇక్కడే. డిక్కీలో మ్యాట్ ఎత్తి చూడు.

అన్నిటికంటే మొండిది ముందు అద్దం కింద చిల్లుల రేకు ఉంటుందే, దాని అడుగు. ఆకులు పడి, నీళ్లు నిలిచి, లోలోపలే కుళ్లిపోతుంది. బాగుచేయాలంటే ముందు భాగమంతా విప్పాలి, ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఒక సీసా నీళ్లు తీసుకెళ్లి, అతనికి చెప్పి, ఆ చిల్లుల్లోంచి మెల్లగా పొయ్యి. నీళ్లు ఫెండర్ల వెనక నుంచి కిందికి కారాలి. లోపల కార్పెట్ తడిసిందంటే ఇంక మాట్లాడకుండా ఇంటికొచ్చెయ్.

ఇక నా పని, బ్రేకులు.

ఇలా పెద్ద ఇంజిన్లు పెట్టిన మజిల్ కార్లు తయారుచేసినవాళ్ల బుర్రలో ఉన్నదంతా ముందుకు దూకడమే. 1964లో పాంటియాక్ వాళ్లు మధ్య సైజు టెంపెస్ట్‌లో 389 క్యూబిక్ అంగుళాల పెద్ద ఇంజిన్ కూర్చి జీటీఓ అని అమ్మినప్పటి నుంచీ పోటీ అంతా దాని మీదే నడిచింది. ఆపడం గురించి ఎవరికీ పెద్దగా పట్టలేదు. 1969లో మామూలు కమారోకి నాలుగు చక్రాలకూ తొమ్మిదిన్నర అంగుళాల డ్రమ్ము బ్రేకులే. డిస్కులు కావాలంటే ముందు చక్రాలకు అదనంగా డబ్బు కట్టాలి. అప్పటి ఎస్ఎస్ 350 ఇంజిన్ 300 హార్స్‌పవర్ అనేవారు. అది కూడా ఫ్యానూ సైలెన్సరూ లాంటివి తగిలించకుండా కొలిచిన లెక్క. బండిలో ఉన్నట్టు కొలిచే పద్ధతి 1972 నుంచి వచ్చింది. ఎల్ఎస్3 చెప్పే 430 ఈ కొత్త లెక్కలోది. అంటే కాగితం మీద కనపడేదాని కంటే తేడా చాలా ఎక్కువ. డిస్కులు పెట్టించారంటే మంచిదే. కానీ డిస్కులు ఉన్నంత మాత్రాన బ్రేకులు ఉన్నట్టు కాదు.

నువ్వు పంపిన వీడియోలో బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ గుడుగుడుమంటూ ఊగుతోంది కదా, నువ్వు పడిపోయింది ఆ శబ్దానికేనని నాకు తెలుసు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఎల్ఎస్3 అలా తిరగదు. వాల్వులు తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ మార్చారు. అతనే "బిగ్ క్యామ్" అని గొప్పగా రాశాడు. ఆ క్యామ్‌తో వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉంటాయి, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ కాసేపు ఒకేసారి తెరుచుకుంటాయి. స్పీడు మీద పవర్ పెరుగుతుంది, ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ తిరుగుతున్నప్పుడు, ఇంజిన్ లోపలి వాక్యూమ్ పడిపోతుంది. నీ కాలికి సాయంచేసే బ్రేక్ బూస్టర్ పనిచేసేది ఆ వాక్యూమ్ మీదే. దానికి పాదరసం లెక్కలో దాదాపు 18 అంగుళాల వాక్యూమ్ ఉంటే హాయి. పెద్ద క్యామ్ వేస్తే అది పదీ పన్నెండుకు దిగిపోవడం మామూలే. హైవే మీద కాలు తీసినప్పుడు వాక్యూమ్ బాగానే ఉంటుంది కాబట్టి టెస్ట్ డ్రైవ్‌లో ఏమీ తెలియదు. పార్కింగ్ లాట్‌లో మెల్లగా వెళ్తూ వెంటవెంటనే బ్రేకు వేయాల్సి వచ్చినప్పుడు పెడల్ బిగుసుకుపోతుంది. ఎదురుగా ఎవరి పిల్లాడో ఉంటాడు.

చూసే పద్ధతి తేలికే. ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి ఉన్న వాక్యూమ్ అంతా ఖాళీ చెయ్యి. కాలు తీయకుండా స్టార్ట్ చేస్తే పెడల్ కాస్త కిందికి దిగాలి. తర్వాత ఐడిల్‌లోనే గబగబా మూడుసార్లు తొక్కు. మూడోదానికి గట్టిపడిందంటే, వాక్యూమ్ పంపు పెట్టారా, పవర్ స్టీరింగ్ ప్రెజర్‌తో నడిచే హైడ్రోబూస్ట్ పెట్టారా అని అడుగు. రెండూ లేవంటే ఆ ఖర్చు ధరలో కొట్టెయ్యాలి.

డ్రమ్ములు తీసి డిస్కులు వేసి, మాస్టర్ సిలిండర్ మాత్రం పాతదే ఉంచేసేవాళ్లను కూడా చూశాను. డ్రమ్ముల లైన్లో ఎప్పుడూ కొద్దిగా ప్రెజర్ నిలిపి ఉంచే వాల్వు ఒకటి ఉంటుంది. డిస్కులకు అది అలాగే వదిలేస్తే ప్యాడ్లు డిస్కుని పూర్తిగా వదలవు. కాసేపు బ్రేకులు ఎక్కువ వాడకుండా తిప్పి, దిగి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడు. ముట్టుకోకు, కాలుతుంది. ముందువి వెనకవాటి కంటే కొంచెం వేడిగా ఉండటం మామూలే. కుడికీ ఎడమకీ తేడా ఉండకూడదు, వెనకవి సెగలు కక్కకూడదు.

పెట్రోలు లైను కూడా చూడాలి. అప్పటి కార్బ్యురేటర్‌కి 5, 6 పీఎస్ఐ ప్రెజర్ చాలు, ఎల్ఎస్ ఇంజిన్‌కి 58 కావాలి. పాత రబ్బరు గొట్టానికి తోటలో వాడే క్లిప్పు బిగించి వదిలేసి ఉంటే అది కారు కాదు, నిప్పు. కింద పడుకుని ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా లైను మొత్తం చూడు. ఎలాగూ పడుకున్నావు కాబట్టి ముందు సబ్‌ఫ్రేమునీ వెనక భాగాన్నీ కలుపుతూ కనెక్టర్లు వెల్డింగ్ చేశారేమో కూడా చూడు. ఈ కారులో ముందు ఫ్రేము బోల్టులతో బిగించినదే, ఇంత పవర్‌కి బాడీ మెలిపడుతుంది. వెనక యాక్సిల్ ఫోర్డ్ 9 అంగుళాలది కనపడితే కంగారుపడకు. షెవర్లే వీరాభిమానులు కూడా ఆ ఒక్క విషయంలో నోరెత్తకుండా ఫోర్డుది వేయించుకుంటారు. టైర్ల మీద చివరి నాలుగంకెలు చదువు. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైందని. గ్యారేజీలో నిలబడి ఉన్న బండికి గళ్లు అరగవు, రబ్బరు మాత్రం ముసలిదైపోతుంది.

ఇందులో ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏబీఎస్ లేదు. మూడు చోట్ల పట్టే సీటు బెల్టులు వేయించకుండా నువ్వు ఆ బండి ఒక్క మైలు నడిపినా నేను ఒప్పుకోను. ఇది బేరం కాదు.

కాగితాల్లో టైటిల్, అంటే యాజమాన్య పత్రం మీద నంబరూ బండి మీద నంబరూ ఒకటే అయి ఉండాలి. టైటిల్ అమ్మేవాడి పేరు మీదే ఉండాలి, సాల్వేజ్ (బాగా దెబ్బతిన్న బండి) అని ఉండకూడదు, అప్పు బాకీ ఉండకూడదు. డ్యాష్ మీది నంబరు రేకుకు పువ్వు ఆకారంలో రివెట్లు ఉంటాయి, అవి కదిలించినట్టు ఉంటే వదిలెయ్. పాత నంబరు రేకు తీసి కొత్త బాడీకి తగిలించే ఘనులు ఉన్నారు, అది ఫెడరల్ నేరం. రేకంతా బయటపడి ఉన్నప్పుడు తీసిన ఫోటోలు, పనిచేసిన షాపు బిల్లులు అడుగు. సొంత డబ్బుతో అంత పని చేయించుకున్నవాడు ఫోటోలు తీసుకోకుండా ఉండడు. ఇన్సూరెన్సు మాత్రం విలువ ముందే ఒప్పుకుని రాసే పాలసీ తీసుకో. మామూలు పాలసీ వాళ్లకు ఇది యాభై ఏళ్లు దాటిన పాత షెవర్లే, అంతే. ఆ పాలసీలో రోజూ ఆఫీసుకు తీసుకెళ్లనివ్వరు, కాబట్టి నీ హోండా అమ్మకు.

గట్టిగా బ్రేకు కొట్టినప్పుడు ముందు ఏ చక్రాలు లాక్ అవుతున్నాయో చూసే టెస్ట్ ఒకటి మిగిలింది. వెనకవి ముందు పట్టేస్తే బండి గిర్రున తిరుగుతుంది. అది నువ్వు చెయ్యకు. శుక్రవారం రాత్రికి నేను కొలంబస్ వస్తాను, శనివారం పొద్దున ఇద్దరం కలిసి వెళ్దాం. మీ నాన్న కూడా వస్తానంటున్నారు, బేరం ఆయనకు వదిలేద్దాం. అమ్మేవాడికి ఇప్పుడే ఫోన్ చేసి, మనం వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దని చెప్పు. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో చూడాలి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూస్తాను.

అమ్మ