రక్తపు బొట్ల పక్కన తేదీ ఏది?

సంపాదకులకు నమస్కారం.

రక్తం కావాలంటూ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సందేశాల గురించి ఈ లేఖ. వరసగా పది ఎర్రటి రక్తపు బొట్లు, ఒక సిరంజి, ఒక అంబులెన్సు, జోడించిన చేతులు కనిపిస్తాయి. కింద 'ఓ నెగెటివ్ అత్యవసరం, అందరికీ పంపండి' అని ఉంటుంది. ఏ తేదీన రాశారో, ఏ ఊళ్లో ఏ ఆసుపత్రికో మాత్రం ఉండదు. నిరుడు వేసవిలో పుట్టిన సందేశం ఈ సంక్రాంతికి కూడా 'ఇప్పుడే కావాలి' అంటూ చేతులు మారుతూనే ఉంటుంది. రోగి కోలుకున్నా, కన్నుమూసినా ఆ ఇంటికి ఫోన్లు ఆగవు. మనిషిని పోగొట్టుకున్న కుటుంబానికి 'రక్తం దొరికిందా అండీ' అన్న ప్రశ్న ఎంత గుచ్చుకుంటుందో ఒక్కసారి ఆలోచించండి.

ఎమోజీలు వాడవద్దని నేను అనడం లేదు. వందల సందేశాల మధ్య ఒక ఎర్రటి బొట్టు కంటిని ఆపుతుంది, అది మేలే. కానీ అది ఆపగలదు తప్ప చెప్పవలసిన సంగతి చెప్పజాలదు. ఆ బొమ్మ పుట్టుకే రెండు పనుల మీద జరిగింది. నెలసరి గురించి సిగ్గుపడకుండా మాట్లాడుకోవడానికి ఒక గుర్తు ఉండాలని ప్లాన్ ఇంటర్నేషనల్ యూకే అనే సంస్థ ఉద్యమించింది. మొదట కోరిన బొమ్మకు అంగీకారం దొరకకపోవడంతో, బ్రిటన్ ప్రభుత్వ రక్తసేకరణ విభాగంతో కలిసి రక్తపు బొట్టును ప్రతిపాదించింది. 2019లో అది ఎమోజీల జాబితాలో చేరింది. కాబట్టి ఒక అమ్మాయి తన నెలసరి గురించి ఆ గుర్తు పెడితే అందులో తప్పు వెతకవలసిన పని లేదు. అది ఆమె కోసం కూడా వచ్చిన గుర్తే.

సిరంజి సంగతీ అంతే. జపాన్ ఫోన్ల నుంచి వచ్చిన ఆ బొమ్మలో మొదట రక్తపు చుక్కలుండేవి. కోవిడ్ టీకాలు మొదలయ్యాక 2021లో యాపిల్ తన ఫోన్లలో ఆ రక్తాన్ని తీసేసింది. ఒకే గుర్తు ఒకరికి రక్తదానంగా, మరొకరికి టీకాగా కనిపిస్తుంది. పాత ఫోన్లలోనైతే బొట్టు ఉండవలసిన చోట ఖాళీ గడి వస్తుంది. చూపులేనివారి ఫోను ముందు ఆ బొమ్మల పేర్లన్నీ చదివి, ఆ తర్వాతే రక్తం గ్రూపు దగ్గరకు వస్తుంది.

డబ్బిచ్చి రక్తం తీసుకునే పద్ధతి సుప్రీంకోర్టు తీర్పు వల్ల 1998 జనవరి 1 నుంచి మన దేశంలో ఆగిపోయింది. అప్పటినుంచి మనకున్న ఆధారం దాతల మంచితనమే. దాన్ని వృథా చేసే హక్కు మనకు లేదు. పని మానుకుని ఆసుపత్రికి వెళ్లిన దాతకు 'ఎప్పుడో అయిపోయిందండీ' అన్న జవాబు రెండుసార్లు ఎదురైతే, మూడోసారి నిజమైన పిలుపు వచ్చినా కదలడు. ఒకసారి రక్తం ఇచ్చిన మగవారు 90 రోజులు, ఆడవారు 120 రోజులు ఆగాలి. ప్లేట్‌లెట్లు నిల్వ ఉండేది 5 రోజులే. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఇంత లెక్కగా నడిచే వ్యవహారంలో తేదీ లేని సందేశం దేనికి పనికొస్తుంది?

ముందుగా రక్త నిల్వల వివరాలుండే ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-రక్తకోశ్‌లో దగ్గరి రక్త కేంద్రంలో నిల్వ ఉందేమో చూడాలి. అక్కడ దొరకనప్పుడే సందేశం రాయాలి. గ్రూపు, ఎన్ని యూనిట్లు, రక్తమా ప్లేట్‌లెట్లా, ఆసుపత్రి, ఊరు, ఏ తేదీ ఎన్ని గంటల వరకు అవసరం అన్నవి మాటల్లోనే ఉండాలి. ఆపైన బొట్టు ఒకటి పెట్టినా చాలు. అవసరం తీరగానే, రాసినవారే 'దొరికింది' అని అదే గ్రూపులో చెప్పాలి. ఈ చివరి పని చేసేవారు చాలా తక్కువ, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. తేదీ లేని విజ్ఞప్తిని గ్రూపు నిర్వాహకులు నిర్మొహమాటంగా తొలగించాలి. అది దయ లేకపోవడం కాదు.

అక్టోబరు 1న జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినోత్సవం. ఆ రోజు మీ పత్రికలో శిబిరాల ఫొటోలతో పాటు ఇలాంటి సందేశానికి ఒక నమూనాను కూడా అచ్చువేయమని కోరుతున్నాను. పాఠకులు దాన్ని ఫొటో తీసి ఫోనులో దాచుకుంటారు.

— ఒక రక్తదాత, రాజమహేంద్రవరం